జయరాజుగారికి పోర్టో చూపించిన కుక్క

"ముందే చెప్తున్నానండి, నాకు కోతలు కొయ్యడం రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. మీరడిగారు కాబట్టి చెప్తున్నాను, ఆయ్!"

జయరాజుగారు ఈ మాట అంటూ మడత కుర్చీ ఒకటి లాక్కుని మా మధ్యలో వేసుకుని కూర్చున్నారు. మేము అడిగింది మాత్రం చాలా చిన్న ప్రశ్న.

అది ఎనభై ఐదు జూన్ నెల. అమెరికాలో డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో అమెరికన్ల చర్చి కింది హాలు ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు సంఘానికి అద్దెకిచ్చేవాళ్ళు. ఆ రోజు ఆరాధన అయింది, ప్రేమవిందు అయింది, కోడికూర ట్రేలన్నీ అడుగంటాయి. చాలామంది ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఒక విషయం తేల్చడానికి మేము నలుగురైదుగురం టీ కప్పులు పట్టుకుని మిగిలాం.

విషయం ఏమిటంటే, ఆ అమెరికన్ చర్చి వాళ్ళు వేసవిలో పిల్లల్ని ఉత్తరాన మిషిగన్ సరస్సు ఒడ్డు వెంట నాలుగు రోజుల నడకకి తీసుకెళ్తారు. మా పిల్లలు ఎనిమిదిమంది పేర్లిచ్చారు. తోడుగా మనవాళ్ళలో పెద్దమనిషి ఒకరు రావాలని షరతు. ఆ పేరు సోమవారం పొద్దున్న అయ్యగారు ఫోన్ చేసి చెప్పాలి, లేకపోతే మా పిల్లల చోట్లు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. అయ్యగారంటే మా పాస్టర్ సుందర్ రాజ్ గారు. ఆయనకి మోకాలి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. వరంగల్ కృష్ణమోహన్ మా సంఘం మనిషి కాదు, హిందువు, కానీ కొడుకు పేరు ఇచ్చాడు. అతనికి ఆఫీసులో కొత్త కారు మోడల్ పని, సెలవు దొరకదు. ఇంక మిగిలింది జయరాజుగారే.

తల్లులందరి తరఫునా మాట్లాడేది విమలకుమారిగారు. డెట్రాయిట్‌లో ఎమర్జెన్సీ వార్డులో నర్సు. ఆవిడ సరే అంటే తల్లులంతా సరే అన్నట్టే. ఆవిడ కూతురు రేణు కూడా పేరిచ్చింది, ఏమంటారో విందామని అమ్మ కుర్చీ వెనకే నిలబడింది.

జయరాజుగారికి ఈ పని ఎంత కావాలో ఆయన దాచుకోలేదు. "ఎనిమిదేళ్ళయిందండి అయ్యగారూ, ఈ సంఘం పెట్టి. నాకు ఇచ్చిన పనేటి? కుర్చీలు వెయ్యడం, కుర్చీలు తియ్యడం. క్రిస్మస్ నాటకంలో కూడా నన్ను తెర వెనకే నిలబెట్టారు. ఒక్కసారి, ఒక్క బాధ్యత నా చేతిలో పెట్టండి. నేనూ మనిషినే కదండి" అన్నారు. మాకు జాలేసింది.

అప్పుడు విమలకుమారిగారు అడిగిన చిన్న ప్రశ్న ఇది: "ఎక్కువ దూరం నడిచిన అలవాటుందా అన్నయ్యా మీకు?"

ఇంక ఆయన్ని ఆపేదెవరు.

"ఏటండీ విమలమ్మా, అంత మాటనేశారు! నాకా నడక అలవాటుందా అని! ఎనభై రెండులో మా కంపెనీ నన్ను గేర్‌బాక్సు డ్రాయింగుల పని మీద ఆర్నెల్లు జర్మనీ పంపింది కదండి. అక్కడ హెల్ముట్ అని ఒకాయన. ఆరున్నర అడుగుల మనిషి, చస్తే నవ్వడు. ఏటా జూలైలో పదిమందిని వెంటేసుకుని పోర్చుగల్లో పోర్టో అనే ఊరి నుంచి స్పెయిన్లో సంత్యాగో అనే ఊరిదాకా నడిచెళ్తాడు. పాతకాలం యాత్రికుల దారంట అది. పన్నెండు రోజుల నడక. 'వస్తావా జయరాజ్' అన్నాడు. నర్సాపురంలో పుట్టి గోదారి గట్టు మీద తిరిగినోణ్ణి, రానంటానా? వస్తానన్నాను. కొత్త బూట్లు కొన్నాను, జర్మన్ తోలు, ఒక్కోటి ఒక్కో పసిబిడ్డంత బరువు.

"శనివారం పొద్దున్న పోర్టోలో దిగాం. హెల్ముట్ అందర్నీ లాడ్జి మెట్ల మీద వరసగా నిలబెట్టి ఏవన్నాడో తెలుసా? 'రేపు ఆరింటికి పెద్ద చర్చి గుమ్మం దగ్గరుండాలి. ఇవాళ ఎవరూ నడవొద్దు. కాళ్ళు ఎత్తులో పెట్టుకుని పడుకోండి' అన్నాడు. జర్మన్లు పడుకున్నారండి! పదిమందీ గోడకి కాళ్ళు ఆనించి పడుకున్నారు. అన్ని వందల ఏళ్ళనాటి ఊరు కిటికీ బయట ఉంటే, కాళ్ళు గోడకేసుకుని పైకప్పు చూస్తా పడుకుంటారా ఎవరన్నా?"

"బయటికెళ్తున్నట్టు ఆ హెల్ముట్‌కి చెప్పారా మీరు?" అన్నారు విమలకుమారిగారు.

"చెప్తే పోనివ్వడు కదమ్మా. వెనక గుమ్మంలోంచి జారుకున్నాను."

"ఊఁ" అన్నారావిడ.

"అబ్బ, ఏం ఊరండీ అది! ఊరంతా గుట్ట మీదే. కింద నది, డోరో అంటారు. మన గోదారి ముందు పిల్లకాలవే అనుకోండి, కానీ పాపం మంచి నది. వీధులన్నీ మెట్లే, పాలు తేవాలన్నా యాభై మెట్లు దిగాల. మనం బాత్రూముల్లో వేస్తామే పింగాణీ పలకలు, అవి వాళ్ళు ఇంటి ముందు గోడకి వేస్తారండి, నీలం పువ్వులూ తెల్ల పువ్వులూ. ప్రతి కిటికీకి ఉతికిన బట్టలు. కొట్ల ముందు ఎండుచేపలు కట్టలు కట్టలు వేలాడేశారు. ఆ వాసన తగలగానే ప్రాణం లేచొచ్చింది బాబూ, నర్సాపురం రేవులో దిగినట్టే ఉంది. సరే, కొత్త ఊరికెళ్తే ముందెక్కడికి వెళ్ళాల? దేవుడి మందిరానికే కదా. గుట్ట మీద కోటలాగుంది పెద్ద చర్చి. గుమ్మం దాకా వెళ్ళాను. వెళ్ళి ఏం చేశాను?"

"ఏం చేశారు?" అన్నారు అయ్యగారు.

"బూట్లిప్పాను."

ఇందులో వింతేమిటో మాకెవరికీ తట్టలేదు. అయ్యగారు తలాడించారు. కృష్ణమోహన్ "గుడికి పోతే మేం గూడ ఇప్పుతం గద" అన్నాడు.

"అదీ! మా ఊళ్ళో చెప్పులు బయట వదలకుండా మందిరంలో అడుగెట్టిన మొనగాడు లేడండి. ఇక్కడికొచ్చి మీరందరూ బూట్లతో తిరుగుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తది. సరే, ఇప్పాను. కొత్త బూట్లు కదా, ఎవరన్నా మార్చుకుపోతారేమోనని లేసులు రెండూ కలిపి గట్టిగా ముడేసి, గోడవార పెట్టాను. చూస్తే అక్కడ ఇంకో జత లేదు. ఓహో, ఇంకా ఎవరూ రాలేదు, మనమే ముందొచ్చాం అనుకున్నాను. లోపలికెళ్తే మూడొందలమంది జనం!

"నాకు అనుమానం రావద్దూ? రాలేదండి. ఇక్కడి వాళ్ళకి బూట్లు దాచుకోడానికి వేరే గది ఉందేమోలే అనుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని బయటికొచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బూట్లు పోయినయ్" అన్నాడు కృష్ణమోహన్.

"పోలేదండి! పోతున్నాయి! నా కళ్ళ ముందే పోతున్నాయి! ఒక కుక్క, దూడంత ఉంది, గోధుమరంగు, నేనేసిన ముడి నోట కరుచుకుని, అటొక బూటూ ఇటొక బూటూ వేలాడుతుంటే, మెట్లు దిగుతోంది. 'ఒసేయ్ ఆగవే' అన్నాను. తెలుగు రాదు దానికి, ఆగలేదు. నేనూ వెంటపడ్డాను. ఊరు చూడాలంటే గైడెందుకండీ? ఆ కుక్క చాలు. గైడైతే నాలుగు వీధులు చూపించి టీ తాగుదామంటాడు. ఇది సందు వదల్లేదు, గొంది వదల్లేదు. ఏ గుమ్మం తెరిచుంటే ఆ గుమ్మంలో దూరింది, నేనూ దూరాను. రొట్టెల బట్టీలోంచి, మంగలి షాపులోంచి, ఒక పెళ్ళి ఫొటో మధ్యలోంచి కూడా వెళ్ళాం. ఆ ఫొటోలో నేను బాగా పడ్డానండి, పెళ్ళికొడుకు కన్నా."

రేణు కిసుక్కున నవ్వింది. జయరాజుగారికి అది చాలు, ఇంకో రెండు గేర్లు మార్చారు.

"రైల్వే స్టేషన్లోకి దూరిందండి. ఆ స్టేషన్ గోడల నిండా నీలం పలకల మీద బొమ్మలే, రాజులూ యుద్ధాలూ గుర్రాలూ. ఇంకోడైతే నిలబడి చూడాల. నేను పరిగెడుతూనే చూశాను. ఎంత జోరు మీదున్నానంటే, నా గాలికి గోడ మీద గుర్రాల తోకలు కదిలాయి. గార్డు నన్ను చూసి ఎక్స్‌ప్రెస్ వచ్చేసిందనుకుని పచ్చజెండా ఊపేశాడు. పెట్టెలు పట్టుకుని నలుగురు ఎక్కబోయారు కూడా, నేనే వద్దన్నాను.

"పైగా జూలై ఎండ, రాతి వీధులు, ఉత్త కాళ్ళు. మనం మామూలు మనుషులమైతే అరికాళ్ళు బొబ్బలెక్కాల కదా. నాకు తిరగబడింది. నా కాళ్ళ రాపిడికి రాళ్ళే వేడెక్కాయి. వెనక్కి తిరిగి చూస్తే, ఒక ముసలావిడ నా అడుగు పడ్డచోటల్లా సార్డీన్ చేపలు పెట్టి కాల్చుకుంటా వస్తోంది! ఆవిడ వెనకాల ఉప్పు పట్టుకుని ఇంకో ఆవిడ!"

"కాళ్ళకి గాజుపెంకులేమీ గుచ్చుకోలేదా?" విమలకుమారిగారు అడిగారు.

"నా కాలికి గుచ్చుకుంటే గాజుకే నష్టం విమలమ్మా."

"ఊఁ."

"అంకుల్, మరి పోలీస్‌ని పిలవలేదా మీరు?" అంది రేణు.

"పిలిచానమ్మా, ఎందుకు పిలవను? పోర్చుగీసులోనే పిలిచాను."

"నీకు పోర్చుగీసు ఎట్లొస్తది జయరాజన్నా?" అన్నాడు కృష్ణమోహన్.

"రాకపోవడమేటి! పోర్చుగీసు మనకేవన్నా కొత్తా? పీపా వాళ్ళ మాటే. బాల్చీ వాళ్ళదే. అలమారా, మేస్త్రి, పాదిరీ, అనాసపండు, అన్నీ వాళ్ళవే. మన తాతలు వాళ్ళ దగ్గర పుచ్చుకుని తిరిగివ్వలేదంతే. ఈ ఆరు మాటలే అటు తిప్పీ ఇటు తిప్పీ ఇరవై నిమిషాలు మాట్లాడానండి. మేస్త్రి అంటాను, ఛాతీ చూపించుకుంటాను. అలమారా అంటాను, కుక్క ఎంతుందో చేతులతో చూపిస్తాను. పోలీసాయన కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకున్నాడు. ఇంత అందంగా మా భాష మా అమ్మ తర్వాత నువ్వే మాట్లాడావన్నాడు. టోపీ తీసి నా నెత్తిన పెట్టి, 'ఇవాళ్టికి ఊరు నువ్వే చూసుకో' అని ఇంటికెళ్ళి పడుకున్నాడు. కావాలంటే అడగండి ఎవర్నన్నా."

ఎవర్ని అడగాలో మాకు తెలియలేదు. అయ్యగారు చల్లారిన టీ ఒక గుక్క తాగి, "ఆ తర్వాత?" అన్నారు. ఆయనకీ ఆసక్తి పుట్టిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఆ తర్వాత కుక్క గంటల గోపురం ఎక్కిందండి. సన్నటి గోపురం, లోపల చుట్టూ తిరిగే మెట్లు, మరమేకు దిగినట్టు. నేనూ ఎక్కాను. పైనుంచి చూస్తే ఊరు ఊరంతా ఎర్ర పెంకులు, అవతల నది, ఆ అవతల సముద్రం, సముద్రానికి అవతల లీలగా ఏదో పొగ. కళ్ళు చిట్లించి చూస్తే ఏటది? న్యూజెర్సీ! మా బావమరిది ఎడిసన్‌లో వంకాయలు వేయిస్తున్నాడు."

"ఆగు ఆగు" అన్నాడు కృష్ణమోహన్. "వంకాయలని ఎట్ల తెలిసింది?"

"వాడికి ఇంకేవీ వండటం రాదు కదండి."

కృష్ణమోహన్ ఒప్పుకున్నట్టు తలూపాడు.

"నేనటు చూస్తుంటే కుక్క ఇటు పక్కనుంచి జారుకుంది. తొందరలో కాలు జారి గంట తాడు పట్టుకున్నాను. గంట మోగడం మొదలెట్టింది. మధ్యాహ్నం మూడింటికి పన్నెండు కొట్టేసింది. ఊళ్ళో జనం పాపం మళ్ళీ భోజనాలకి కూర్చున్నారు. నేను ఆ ఊపులోనే తాడు వదిలి, ఎదురుగా ఉన్న బట్టలారేసే తీగ అందుకున్నానండి. ఆ ఊళ్ళో ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి, దాన్నుంచి ఇంకోదానికి, గుట్ట మీంచి నది దాకా బట్టల తీగలే. జర్రున జారుకుంటా వచ్చేశాను. దారిలో బట్టలన్నీ నా ఒంటికే తొడుక్కున్నాయి. కింద దిగేసరికి నా ఒంటి మీద తొమ్మిది చొక్కాలు, రెండు లంగాలు, ఒక పాదిరీగారి అంగీ. నది ఒడ్డున ఒక ముసలాయన నా ముందు మోకరించి పాపాలు చెప్పుకోవడం మొదలెట్టాడు. మూడు విన్నాను, నాలుగోదానికి టైము లేక, అన్నీ క్షమించేశాను పొమ్మన్నాను."

"జయరాజుగారూ" అన్నారు అయ్యగారు కొంచెం గట్టిగా.

"క్షమించేసింది నేను కాదండి అయ్యగారూ, అంగీయే. సరే వినండి. అక్కడొక ఇనప వంతెనుందండి, రెండంతస్తుల వంతెన. కుక్క పైఅంతస్తులో, నేను కిందంతస్తులో. అది అవతలికి దాటేస్తదని ఆత్రం పట్టలేక నదిలో దూకేశాను."

"నీళ్ళ సీసా అయినా ఉందా దగ్గర? ఆ ఎండలో?" అన్నారు విమలకుమారిగారు.

"నదిలోనే ఉన్నాను కదమ్మా, నీళ్ళకేం కొదవ!"

"ఊఁ."

ఆవిడ ఊఁ కొట్టిన ప్రతిసారీ జయరాజుగారు దాన్ని మెచ్చుకోలు కిందే జమ వేసుకున్నారు. గొంతు పెంచారు, కుర్చీ ముందుకి జరిపారు.

"గోదారి ఈతండి నాది! రెండు బారలు వేశానో లేదో, సముద్రం నుంచి పోటు తన్నుకొచ్చింది. నావలు తాళ్ళు తెంపుకుని అటూ ఇటూ అయిపోయాయి, ప్రతి నావ నిండా పీపాలే. సరంగులు గోల. తెగిన తాళ్ళన్నీ దొరకబుచ్చుకుని నడుముకి చుట్టుకున్నాను. పదిహేడు నావలు ఒక్కణ్ణే లాక్కొచ్చి అవతలి ఒడ్డున చేర్చాను. అవతల ఏవున్నాయో తెలుసా? ద్రాక్షసారాయి కొట్లు. పెద్ద పెద్ద గోదాములు."

"జయరాజుగారూ, పిల్ల ఉంది" అన్నారు అయ్యగారు.

"అయ్యగారూ, పూర్తిగా వినండి ముందు. చుక్క ముడితే నా నాలుక కోసేయండి. గోదాం మేస్త్రి పరిగెత్తుకుంటా వచ్చాడు, నా మొహం చూడలేదు, నా కాళ్ళు చూశాడు. అక్కడ ద్రాక్షపళ్ళు తొట్లలో పోసి కాళ్ళతో తొక్కుతారండి, అదీ వాళ్ళ పద్ధతి. అంత వెడల్పు పాదాలు ఆయన పుట్టాక చూళ్ళేదంట. 'బాబ్బాబు, ఒక్క గంట తొక్కిపెట్టు' అన్నాడు. నావలు కాపాడినవాణ్ణి, ఆ మాత్రం సాయం చెయ్యనా?"

"జూలైల ద్రాక్షపండ్లేడివి అన్నా?" అన్నాడు కృష్ణమోహన్. "అప్పటికింక పిందెలే గద."

"పిందెలేనండి! నేనూ అదే అన్నాను. కానీ నా పాదాల వేడి ఉంది చూశారూ, తొట్లో కాలు పెట్టగానే పిందెలు కాయలయ్యాయి, కాయలు పళ్ళయ్యాయి, రెండో కాలు పెట్టేసరికి ఎండిపోయి కిస్‌మిస్‌లు అవడం మొదలెట్టాయి. మేస్త్రి కంగారుపడి బాల్చీలతో నీళ్ళు పోయించాడు. అలా గంటలో మూడేళ్ళ సరుకు తొక్కేశాను. నోరు మాత్రం మూసుకునే ఉన్నానండి, పైగా దేవుడి పాటలు పాడుకుంటూ."

"నోరు మూసుకుని ఎట్ల పాడినవ్?"

"ముక్కుతో."

హాలంతా నవ్వింది. రేణు అమ్మ కుర్చీ పట్టుకుని ఊగిపోయింది. అయ్యగారు కూడా చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. విమలకుమారిగారు మాత్రం కప్పు రెండు చేతులతో పట్టుకుని అలాగే వింటున్నారు.

"దిగిన లాడ్జి పేరూ వీధీ ఎక్కడన్నా రాసి పెట్టుకున్నారా అన్నయ్యా? ఏదన్నా అయితే ఎవరికి కబురు చెయ్యాలో వాళ్ళకి తెలియాలి కదా."

"ఏమవుతదమ్మా నాకు? నేను తప్పిపోయే మనిషినా? ఊరు తప్పిపోవాలి గానీ. ఆ, ఎక్కడున్నాం? కుక్క! గోదాం గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. బూట్లు అలాగే వేలాడుతున్నాయి, ముడి ఊడలేదు, మరి వేసింది ఎవరు? నేను తొట్లోంచి దూకాను, అది పరుగు. వంతెన దాటాం, గుట్ట ఎక్కాం, పెంకుటిళ్ళు అయిపోయాయి, తోటలొచ్చాయి, తోటలయ్యాక మొక్కజొన్న చేలొచ్చాయి. నాకు ఊరింకా అవ్వలేదనే లెక్క. ఎంత పెద్ద ఊరురా బాబూ అనుకుంటా పరిగెడుతున్నాను. ఒక నది దాటాం. దాటుతుంటే ఎవరో తుపాకి పట్టుకున్నాయన స్టాంపు పట్టుకుని వెంటబడ్డాడు. నేను ఆగలేదు, చెయ్యి వెనక్కి చాపాను, అరచేతి మీద గుద్దేశాడు. ఆ తర్వాత తెలిసింది, అది స్పెయిన్ సరిహద్దంట!

"ఇంకా పొద్దు గుంకలేదండి. ఎదురుగా పెద్ద చర్చి. రెండు గోపురాలు. కుక్క మెట్లెక్కి గుమ్మం దగ్గర ఆగింది. ఆగి ఏం చేసిందో తెలుసా? బూట్లు గోడవార పెట్టింది. పెట్టి లోపలికెళ్ళింది."

అయ్యగారు టీ కప్పు కింద పెట్టేశారు.

"అక్కడున్న ఒకాయన్ని అడిగాను, ఇది పోర్టోలో ఏ పేట బాబూ అని. 'పోర్టో ఏమిటి, ఇది సంత్యాగో' అన్నాడు. పన్నెండు రోజుల నడక, ఒక్క మధ్యాహ్నంలో! అదీ ఊరు చూద్దామని బయల్దేరి!"

"మరి వెనక్కి ఎట్లొచ్చినవ్?" కృష్ణమోహన్ గొంతు కీచుగా వచ్చింది.

"వెనక్కి ఇంకా తొందరగా వచ్చాను. దారి తెలుసు కదండి."

"బూట్లు వేసుకున్నారా అంకుల్?"

"ఎలా వేసుకుంటానమ్మా? కుక్క లోపల ఆరాధనలో ఉంది. అది బయటికొచ్చి చూసుకుంటే బూట్లు లేకపోతే ఎంత బాధపడతది? ఆ బాధ నాకు తెలుసు. అక్కడే వదిలేసి వచ్చేశాను.

"పొద్దున్న ఆరింటికల్లా పోర్టో చర్చి గుమ్మం దగ్గర నిలబడ్డాను. హెల్ముట్ వచ్చాడు. 'బాగా పడుకున్నావా జయరాజ్?' అన్నాడు. 'బాగా' అన్నాను. 'బూట్లేవి?' అన్నాడు. 'ముందే పంపించాను' అన్నాను. అబద్ధం కాదు కదండి. నడక మొదలైంది. రెండోరోజుకే జర్మన్ల కాళ్ళు పుళ్ళయిపోయాయి, బూట్లు వేసుకున్నోళ్ళ కాళ్ళు! ఒకణ్ణి కుడి భుజం మీద వేసుకున్నాను, ఒకణ్ణి ఎడం భుజం మీద. నాలుగో రోజుకి దుప్పట్లో పదిమందినీ మూటకట్టి నెత్తిన పెట్టుకున్నాను. హెల్ముట్ పైన కూర్చుని మ్యాపు చూస్తా, కుడికి తిరుగు, ఎడమకి తిరుగు అంటున్నాడు. జీవితంలో మొదటిసారి నవ్వాడండి ఆయన. అంత బరువుతో నేను నడిచిన చోటల్లా దారి కుంగి కాలవ పడిపోయింది. ఇప్పుడు ఆ కాలవ కింద వరి పండిస్తున్నారు. రెండు పంటలు! మా నర్సాపురం రకమే, సన్నాలు!"

జయరాజుగారు ఆగి జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. మా అందరి మొహాలూ ఒకసారి చూశారు. చివరికి విమలకుమారిగారి దగ్గర ఆగారు. "ఇప్పుడు చెప్పండి విమలమ్మా. నాకు నడక అలవాటుందా లేదా? పిల్లల్ని నాతో పంపుతారా లేదా?"

విమలకుమారిగారు కప్పు పక్క కుర్చీలో పెట్టారు. ఎగతాళి చెయ్యలేదు, కోప్పడలేదు. వార్డులో పేషెంటు ఇంటివాళ్ళకి నిజం చెప్పేటప్పుడు కూడా ఆవిడ అంత నెమ్మదిగానే మాట్లాడతారేమో అనిపించింది.

"అన్నయ్యా, ఎవరికీ చెప్పకుండా వెళ్ళారు. నీళ్ళు లేవు, కాళ్ళకేమీ లేదు, ఎక్కడ దిగారో రాసిన కాగితం ముక్క లేదు. ఒక కుక్క వెంటపడి దేశం దాటారు. మీరు చెప్పిందంతా అబద్ధమైతే పిల్లల్ని మీతో పంపలేను." రేణు వైపు ఒకసారి చూశారు. "నిజమైతే అసలే పంపను."

ముందు నవ్వింది కృష్ణమోహనే. పొట్ట పట్టుకుని, కుర్చీలోంచి జారి, "సచ్చినం అన్నా, రెండు దిక్కులా తలుపేసింది" అన్నాడు. అయ్యగారు ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, పైకే నవ్వేశారు.

రేణు నవ్వలేదు. తోడు లేకపోతే నడక లేదని గుర్తొచ్చినట్టుంది, "మామ్, దెన్ హూ?" అంది. ఏడుపు గొంతుతో అంది.

జయరాజుగారు జేబురుమాలు మడతలు పెట్టడం మొదలెట్టారు. నమ్మకపోతే ఏం చెప్పాలో ఆయన దగ్గర వంద జవాబులుంటాయి, ఎవడడిగినా కొత్తది కల్పించగలరు. నమ్మేస్తే కూడా ఓడిపోతామని మాత్రం ఎన్నడూ అనుకుని ఉండరు. ఆ మనిషి ముఖం అంత చిన్నబోవడం మేము ఎప్పుడూ చూడలేదు. మా నవ్వు మాకే బాగోలేదు, ఒక్కొక్కళ్ళం ఆపేశాం.

"రేపు పొద్దున్న ఫోన్లో మరి ఏం చెప్పమంటారు?" అన్నారు అయ్యగారు, ఎవర్ని అడుగుతున్నారో తెలియకుండా.

జయరాజుగారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. ఆ హాల్లో ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

"విమలమ్మా, పోనీ... సగం నిజమైతే?"

"ఏ సగం అన్నయ్యా?"

ఆయన రేణు వైపు చూశారు, అయ్యగారి వైపు చూశారు, మళ్ళీ ఆవిడ వైపే తిరిగారు.

"ఏ సగమైతే మీరు పిల్లల్ని పంపుతారో, ఆ సగమేనండి."